పక్క నంబరు

చిత్తూరు,
12 సెప్టెంబరు 1945

అక్కకి తమ్ముడు మునిరత్నం దండం పెట్టి రాసేది.

ఈ జాబు విప్పినాక నువ్వు మొదట అనే మాట నాకు తెలుసు. ‘మళ్లా ఏ పని వదిలినాడో’ అంటావు. వదిలినాను. కొండ బస్సులో క్లీనరు పని పోయిన నెలలోనే వదిలేసినాను. మలుపు మలుపుకీ దూకి చక్రం కింద రాయి పెట్టేది, మళ్లా ఉరికి ఎక్కేది. జనం ‘గోవిందా’ అని దండం పెట్టేది కొండకి, కక్కేది నా మీద. దేవుడికి దగ్గరగా ఉండే పని అని నువ్వు సంతోషపడితివి. అంత దగ్గర నాకు పడలే.

ఇప్పుడు దొరికిన పని వేరే మాదిరిది. పంట అంచనా కట్టే ఆపీసు. బావకి చెప్పు, నవ్వుతాడు. ఇన్నాళ్లూ ఎట్ల జరిగేది అంటే, కరణం గెనిమి గట్టు మీద నిలబడి చేలు ఒకసారి పారజూసి ‘ఈ ఏడు ఎనిమిదణాల పంట’ అనేవాడు. పదహారణాలు నిండు పంట కదా, దాంట్లో సగం అని. ఆ లెక్క తాలూకాకి పొయ్యి, ఆడి నుంచి మదరాసుకి పొయ్యి, దాన్ని బట్టి ఏ ఊరు సర్కారుకి ఎంత లెవీ వడ్లు ఇయ్యాలో తీర్మానమయ్యేది. లెవీకి భయపడి ఊరోళ్లు తక్కువ చెప్తారు. వాళ్లు తక్కువ చెప్తారని ఆపీసోళ్లు ఎక్కువ రాస్తారు. నడమ అసలు పంట ఎంతో ఎవురికీ తెలీదు.

కొత్త పద్ధతి ఏందంటే, ఊర్లో వరి వేసిన సర్వే నంబర్లన్నీ చీటీలు రాసి డబ్బాలో వేసి కలిపి, ఒకటి తీస్తాము. ఏ నంబరు వస్తే ఆ చేలోకే పోవాల. నాలుగు మేకులు కొట్టి తాడు కట్టి, తాడు లోపల ఉండేది మాత్రం కోసి, నూర్చి, తూర్పారబట్టి, తూకం వేసి రాసుకోవాల. ఇట్ల అన్ని ఊర్లవీ కలిపితే తాలూకా పంట ఎంతో కుప్పలు పడకముందే చెప్పొచ్చంట.

మా సూపర్వైజరు ప్రేమానందం గారు మంచాయన. నన్ను పనిలోకి తీసుకునేటప్పుడు అడిగినాడు. “ఏమప్పా, థర్డు ఫారం కూడా నిండా చదవలేదే, అంచనా అంటే ఏందో తెలుసునా?”

“జోస్యం మాదిరి గదా సార్” అన్నాను.

“కాదప్పా. అన్నం ఉడికిందో లేదో చూడాలంటే కుండెడూ తింటామా? ఒక మెతుకు పట్టి చూస్తాము. అదే అంచనా. అయితే ఏ మెతుకు పట్టాలో నీ చెయ్యి తేల్చకూడదు. చీటీ తేల్చాల.”

నాకు ఈ మాట నచ్చింది అక్కా. బళ్లో ఇట్ల చెప్పింటే కిటికీ దూకి పారిపోకుండా ఉందునేమో.

నీ తమ్ముడు
మునిరత్నం

---

మిట్టకండ్రిగ, ఏర్పేడు పోస్టు,
2 అక్టోబరు 1945

తమ్ముడు మునిరత్నానికి అక్క తాయమ్మ ఆశీర్వదించి రాసేది. మేమందరం బాగుండాము.

నీ జాబు బావకి చదివి వినిపించినాను. ఆయన ఏమన్నాడో తెలుసునా? “చేను యాడికీ పోదు, మీవోడే పోతాడు. ఆ నాలుగు మేకులేందో ముందు వాడి చుట్టూ కొట్టమను” అన్నాడు. మేము నవ్విన నవ్వుకి బిడ్డ ఉలిక్కిపడి లేచింది. శకుంతల ఇప్పుడు గోడ పట్టుకొని నడస్తా ఉండాది.

అబ్బోడా, ఈ పని మటుకు వదలొద్దు. అమ్మ పొయ్యేనాటికి నీకు పాలపళ్లు కూడా రాలలేదు. నేను నిన్ను ఎత్తుకొనే ఈ ఇంటికి కాపురానికి వస్తిని. బావ ఒకనాడూ ఒక మాట అనలే. ఆయన ముందర నువ్వు ఒక తావ నిలబడి కనిపిస్తే నాకు అంతే చాలు.

ఈడ నాట్లు అయినాయి. చెరువు నిండింది. మన వరిమళ్లు చెరువుకి కడపటి కయ్యలు కదా, నీళ్లు అందరివీ తడిసినాక మనకి వస్తాయి. అయినా ఈ ఏడు వస్తాయి. తిరుమలయ్యన్నకి అయితే బావి ఉండాది, ఎద్దులు కట్టి కపిల తోలి నీళ్లు పెట్టుకుంటాడు, ఆయనకి చెరువుతో పని లేదు. మనకి చెరువే దేవుడు.

తలకి నూనె పెట్టుకో.

అక్క
తాయమ్మ

---

చిత్తూరు,
25 నవంబరు 1945

అక్కకి దండాలు.

నాకు అప్పగించిన ఊర్లలో మీ ఊరు కూడా పడింది. పెద్ద పండగ దాటినాక వస్తాను, తాడూ మేకులూ భుజాన వేసుకొని దొర మాదిరి. కరణం నాకు కుర్చీ వేయాల. చిన్నప్పుడు ఆయన మామిడితోపులో నన్ను తరిమిన సంగతి మర్చిపోయినాడో లేదో కనుక్కోవాల.

ఇంకొక సంగతి. కోతకి ముందే ఒక్కొక్కరం మా మా ఊర్ల పంట ఎన్ని అణాలో రాసి కవరులో పెట్టి అంటించి ఇయ్యాలని ప్రేమానందం గారు చెప్పినాడు. కోతలన్నీ అయినాక ఆ కవర్లు విప్పి సరిచూస్తారు. ఎవురి అంచనా అసలుకి దగ్గరగా ఉంటే వాళ్లని నిలుపుకుంటారు, మిగిలినోళ్లని పంపించేస్తారు. ఆరుమందిమి ఉండాము, ముగ్గురికే తావు.

మిగతా అయిదుమందీ కరణాలని అడిగి అయిదణాలు, ఆరణాలు అని రాసినారు. నేను కరణాలని నమ్మలే. రైల్లోనూ బస్సులోనూ పొయ్యేటప్పుడు చేలు చూస్తానే ఉన్నాను. రోడ్డు పక్కన చేలన్నీ బాగుండాయి. తొమ్మిదణాలు అని రాసినాను. కవరు అంటించకముందు చూసి “ధైర్యముండాది నీకు” అన్నాడు ప్రేమానందం గారు.

మీ చేను ఎట్లుండాది? ఉండేది ఉన్నట్టు రాయి. నీ మాట మీద నాకు నమ్మకం.

మునిరత్నం

---

మిట్టకండ్రిగ,
14 డిసెంబరు 1945

తమ్ముడికి అక్క రాసేది. అందరం బాగుండాము.

చేను బాగుండాది. చెరువులో నీళ్లు కొంచిం తగ్గినాయి అంతే. నువ్వు తొమ్మిదణాలు అని రాసింటే తొమ్మిదణాలే అవుతాది, నీ నోటి మాట పోదు.

ఎద్దులకి పచ్చిగడ్డి కరువు లేదు. బావ పొద్దన్నే లేచి కోసుకొచ్చి వేస్తా ఉండాడు.

నువ్వు వచ్చేది ముందుగా కార్డు వెయ్యి. వచ్చినాక ఎండలో చేలెంబడి తిరగొద్దు. నీ పని ఎంతో అంత చూసుకొని నేరుగా ఇంటికి రా.

తాయమ్మ

---

చిత్తూరు,
27 జనవరి 1946

అక్కకి దండాలు.

నీ చేతి అన్నం తిని ఇన్నాళ్లయినా రుచి పోలే. ఆ రోజు నువ్వు వరన్నం పెట్టి పైన నెయ్యి వేస్తే, నేను సంగటే చేసుండొచ్చు గదా అన్నాను. “ఆపీసరుకి సంగటి పెడతామా” అని బావ నవ్వినాడు. బావ చిక్కిపొయ్యినాడు అక్కా. కోతల పని కదా అనుకున్నాను.

మూలన విత్తనాల గంప నిండుగా ఉండేది చూసినాను. అంచు చినిగిన కాడ నా బడి చొక్కా నీలం గుడ్డ ఇంకా కట్టే ఉండాది! ఆ గంప చూసినాక నా తొమ్మిదణాలకి ఇంక ఢోకా లేదని ధైర్యమొచ్చింది.

చావడి ముందర నువ్వూ ఆడోళ్లలో నిలబడి చూస్తా ఉంటివి కదా. నేను డబ్బాలో చెయ్యి పెట్టి తీస్తే నూట పద్నాలుగు వచ్చింది. గట్టిగా పిలిచినాను. కరణం ఎవురి మొహమూ చూడకుండా అన్నాడు. “అది కోసేసినారబ్బా. ఈడేముంది కొలిసేదానికి.”

మాకు రూలు ఉండాది. చీటీలో వచ్చిన చేను అప్పటికే కోసేసుంటే పక్క నంబరుకి పోవాల. అదీ కోసేసుంటే దాని పక్కది. నిలబడి ఉండే చేను దొరికేదాకా పోవాల. అట్ల పొయ్యి పొయ్యి తిరుమలయ్య బావి కాడ తేలితిమి. ఆయన కయ్య బంగారం మాదిరి ఉండాది. తాడు కట్టి కోసినాము, మంచి తూకం వచ్చింది.

అన్ని ఊర్లవీ కూడినారు. కవర్లు విప్పినారు. అసలు తొమ్మిదింబావు అణాలు వచ్చింది, నేను రాసింది తొమ్మిది. ఇంత దగ్గరగా ఎవురూ రాలే. ప్రేమానందం గారు నా వీపు తట్టి “ఈ పిల్లోడు రోడ్డు మీద పోతా పోతా చూసి చెప్పినాడయ్యా” అని అందరి ముందరా అన్నాడు. నేను నిలబడినాను అక్కా. పర్మనెంటుకి రాస్తారంట. బావకి చెప్పు, మేకులు కొట్టకుండానే నిలబడినాడని.

మునిరత్నం

---

మిట్టకండ్రిగ,
3 మార్చి 1946

తమ్ముడికి అక్క రాసేది.

నీ ఉద్యోగం నిలబడినందుకు సంతోషం. తిరుచానూరు అమ్మవారికి మొక్కుకోనుంటిని. ఎవురన్నా అటు పోతే టెంకాయ ఇచ్చి పంపిస్తాను.

లెవీ వాళ్లు వచ్చినారు. తొమ్మిదణాల పంట అని ఊరికి లెక్క కట్టుకొచ్చినారు. ఎకరాకి ఇంత అని అందరికీ ఒకటే మాదిరి. ఇచ్చినాము.

బావ కోలారు బంగారు గనుల్లో పనులుండాయంటే చూసి వస్తానని పొయ్యినాడు. ఎద్దులు అమ్మినాము. మేపేదానికి మనుషులు లేరు కదా.

బిడ్డ బాగుండాది.

తాయమ్మ

---

చిత్తూరు,
11 మార్చి 1946

అక్కా,

నీ జాబు నాలుగుసార్లు చదివినాను. ఎద్దులు అమ్మడమేంది? ఆ ఎద్దుల మీద బావ ఈగ వాలనియ్యడే. పంట పండిన ఏడు గనులకి పోవడమేంది?

మీ చేలో ఎంత పండింది? ఇంతకి ముందు అడిగితే బాగుండాది అని రాస్తివి. బాగుండాది అంటే ఎంత? మీ చేను సర్వే నంబరు ఎంత? చిన్నప్పటి నుంచీ ఆ గట్ల మీద ఆడినోణ్ణే గాని నంబరు ఎన్నడూ అడగలే.

వెంటనే రాయి.

మునిరత్నం

---

మిట్టకండ్రిగ,
28 మార్చి 1946

తమ్ముడికి,

అడిగినావు కాబట్టి రాస్తా ఉండాను. మనసులో పెట్టుకోవద్దు.

చెరువు కార్తీకంలోనే అడుగంటింది. నీళ్లు మన కయ్యల దాకా రాలే. పొట్ట మీద ఉండే పైరు ఎండింది. వెన్నులు బయటికి వచ్చినా అన్నీ తాలే. గింజ పట్టదని తెలిసినాక, ఎండి పొల్లయ్యేదానికంటే పచ్చిగా ఉండంగానే ఎద్దులకన్నా అవుతాదని బావ కోసేసినాడు. కడపటి కయ్యలోళ్లందరూ అట్లనే చేసినారు. మన పక్క చేను గోవిందు కూడా. పచ్చిగడ్డి కరువు లేదని రాస్తిని కదా, ఆ గడ్డి అదే.

నంబరు నూట పద్నాలుగు.

నువ్వు పిలిచినప్పుడు నేను అక్కడనే ఉన్నాను. కరణం కోసేసినారు అంటే నువ్వు పంట కోసినారని అనుకుంటివి. ఊర్లో అందరికీ తెలుసు. ఎవురూ నోరు తెరవలే. చెప్పుకుంటే సిగ్గు కదా, చేను జీవాలకి వేసినామని. బావ నా వంక చూసినాడు. వాడి ముందర అనొద్దు అన్నట్టు తల ఊపినాడు. నువ్వు తొమ్మిదణాలు అని రాసిండావు, నీ పని నిలబడాల, మా ఎండిన చేను నీకు అడ్డం రాకూడదు అనుకుంటిమి. అంతకంటే ఏమీ ఆలోచన చేయలే.

నువ్వు తిన్న అన్నం తిరుమలయ్య ఇంటి నుంచి తెచ్చిన బియ్యం.

గంపలో ఉండేది పోయిన ఏడు విత్తనాలు. లెవీకి అవే కొలిచినాము. చాలలే. తక్కువ పడిన దానికి ఎద్దులు అమ్మి వడ్లు కొని పోసినాము. గంప బోర్లించి పెట్టినాను. పండని వడ్లు ఎట్ల ఇయ్యాలని గోవిందు అడిగితే వాళ్లు “మీ ఊరి చేలో కోసి తూసిన లెక్క ఇది, నోటి మాట కాదు” అని కాగితం చూపించినారు. కింద నీ సంతకం ఉండాదంట.

నువ్వు అన్నంతో పోల్చి రాసినావే, ఒక మెతుకు పట్టి చూస్తామని. అంతా ఒకటే మాదిరి ఉడికే కుండకి సరే. మనది అడుగు మాడిన కుండ. పైన మెతుకు పట్టి చూస్తే ఉడికినట్టే ఉంటాది.

బిడ్డ అంబలి తాగతా ఉండాది. ఏడవడంలేదు.

తాయమ్మ

---

చిత్తూరు,
22 ఏప్రిల్ 1946

అక్కా,

ఇన్నాళ్లూ జాబు రాయలే. రాసేదానికి చెయ్యి రాలే. ఏడుపు కూడా రాలే. పొద్దన్నే లేచి ఆపీసుకి పోతా ఉండాను, కూడికలు కూడతా ఉండాను, సందకాడ వస్తా ఉండాను.

నీ జాబు వచ్చినాక నేను కొలిచిన ఊర్లన్నిటివీ కాగితాలు తీసి చూసినాను. చీటీ వచ్చిన నంబరు ఒకటి, కోసింది ఇంకొకటి. సగం ఊర్లలో అట్లనే ఉండాది. పక్క నంబరు, పక్క నంబరు. ఎండిన చేలన్నీ ముందే గడ్డికి కోసేసినారు. నిలబడి ఉండేవి బావుల కింద చేలు. నేను నిలబడి ఉండేవే కొలిచినాను.

ప్రేమానందం గారి తావ పొయ్యి చెప్పినాను. ఆయన కుర్చీ వేసి కూర్చోబెట్టి, కోప్పడకుండానే విన్నాడు.

“కవరులో నీ అంచనా ఎంత?”

“తొమ్మిది సార్.”

“కోతలో వచ్చింది?”

“తొమ్మిదింబావు.”

“మరి సరిపోయింది కదప్పా. ఇంత బాగా సరిపోయిన అంచనా ఈ జిల్లాలో ఇంకోటి లేదు. దాన్ని పట్టుకొని తప్పంటావేంది?”

“రోడ్డు పక్కన నిలబడి ఉండేవి చూసి అంచనా వేసినాను సార్. నిలబడి ఉండేవే కోసి సరిచూసినాము. సరిపోకుండా ఎట్ల పోతాది?”

కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు. “రూలు నేను రాసింది కాదు మునిరత్నం. లెక్క పైకి పొయ్యింది. లెవీ అయిపొయ్యింది. తీసుకున్న వడ్లు వెనక్కి రావు.” సొరుగు తీసి ఒక కాగితం నా చేతిలో పెట్టినాడు. నా పర్మనెంటు ఆర్డరు.

తీసుకున్నాను. దండం కూడా పెట్టినాను. బయటికి వచ్చినాక ఆ కాగితం యాడ పెట్టుకోవాలో తెలియలే. చేతిలోనే పట్టుకొని బస్టాండు దాకా నడిచినాను, మళ్లా వెనక్కి నడిచినాను.

పని వదిలేస్తాను అక్కా. అలవాటే కదా. మీ తావకి వచ్చేస్తాను. లేదంటే బావతో గనుల్లోకి దిగుతాను.

సంబళంలో మిగిలింది మనియార్డరు చేసినాను. తిప్పి పంపొద్దు.

మునిరత్నం

---

మారికుప్పం, బంగారు గనులు,
16 జూలై 1946

తమ్ముడికి అక్క రాసేది.

నీ మనియార్డరు అందింది. దాంతోనే రైలెక్కి ఈడికి వచ్చేస్తిమి. ఊర్లో ఉండి చేసేదేమీ లేదు. విత్తనం లేదు, ఎద్దులు లేవు. ఇల్లు మూసి సామాను గోవిందు ఇంట్లో పెట్టినాను. మన కయ్య బీడు పడింది.

ఈడ గని కూలీల లైన్లలో ఒక గది ఇచ్చినారు. రేకుల కప్పు. బావ గనిలోకి దిగతా ఉండాడు. వచ్చినాక మొహం తెల్లగా ఉంటాది దుమ్ముతో, కడిగినా అట్లనే ఉన్నట్టు ఉంటాది. మాట్లాడడం తగ్గినాడు. పొద్దుగూకితే మబ్బు వంక చూస్తాడు. వాన వస్తే ఈడ ఎవురికీ ఏమీ పని లేదు, అయినా చూస్తాడు. బిడ్డ అరవ మాటలు నేర్చుకునింది. నీళ్లని ‘తణ్ణి’ అంటాది.

నువ్వు పని వదిలేస్తానని రాసినావు. ఇన్నాళ్లూ నువ్వు ఏ పని వదిలినా తిట్టినాను, అది నీ మేలుకి. ఈసారి నీ మేలుకి కాదు చెప్పేది. నువ్వు పోతే నీ కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. వాడికి అక్క ఆ ఊర్లో ఉండదు. చీటీ తీస్తాడు, కరణం కోసేసినారబ్బా అంటాడు, వాడు పక్క నంబరుకి పోతాడు. వాడి తప్పు కూడా కాదు.

నీకు తెలుసు. నువ్వు ఉండు.

బావకి చెప్పలే ఈ మాట రాస్తా ఉండానని. గనుల్లోకి రావొద్దు. ఈడ ఒకరు చాలు.

తాయమ్మ

---

ఏర్పేడు స్టేషను,
30 జనవరి 1947

అక్కకి దండాలు.

మీ ఊరి నుంచే వస్తా ఉండాను. రైలు రావడానికి చానా పొద్దుండాది. బెంచీ మీద కూర్చొని రాస్తా ఉండాను.

నువ్వు ఉండమంటే ఉన్నాను. ఈ ఏడు కూడా చెరువు మధ్యలోనే ఎండింది. కడపటి కయ్యలు ముందే గడ్డికి కోసేసినారు. ఈసారి నేను కవరులో ఏ అంచనా రాయలే. ఖాళీ కాగితం మడిచి అంటించి ఇచ్చినాను.

చావడి ముందర చీటీ తీసినాను. నూట పదహారు. గోవిందు చేను, మీ కయ్యని ఆనుకొని ఉండేది. కరణం పోయిన ఏడు మాదిరే “కోసేసినారబ్బా” అన్నాడు.

“ఏంటికి కోసినారు?” అని అడిగినాను.

గోవిందు అన్నాడు. “గింజ పట్టలేదప్పా. ఎనుముకి ఏసినా.”

“అయితే రాండి పోదాము” అన్నాను.

“యాడికి?”

“నూట పదహారుకి.”

తాడూ మేకులూ తీసుకొని నడిస్తే ఊరంతా వెనక వచ్చినారు. ఆ చేలో మొడులు తప్ప ఏమీ లేవు. నేల నెర్రెలు విచ్చింది. లెక్క ప్రకారం మూల కొలిచి మేకులు కొట్టినాను. ఒక మేకు దిగలే, రాయి పెట్టి కొట్టినాను. తాడు కట్టినాను. తిరుమలయ్య నవ్వినాడు. “ఏందబ్బోడా, గాలి కోస్తావా?”

“కొలవాల మామా” అన్నాను.

ఆడోళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వినారు. పిల్లలు తాడు దూకినారు. నేను తాడు లోపల వంగి మొడుల్లో వెతికినాను. తాలు వెన్నులు కొన్ని దొరికినాయి. అవి కోసి, పద్ధతి ప్రకారం నూర్చినాను, తూర్పారబట్టినాను. అన్నీ గాలికి పొయ్యినాయి. తూకానికి గంప కావాలంటే గోవిందు ఇంట్లోనుంచి ఒక గంప తెచ్చినాడు. ఖాళీ గంప త్రాసుకి కట్టి ఎత్తినాను. గంప తూకం చదివి రాసుకున్నాను. మళ్లా అదే గంప, పంటతో అని, ఇంకోసారి ఎత్తినాను. రెండోదాంట్లోనుంచి మొదటిది తీసేసినాను.

అప్పటికి నవ్వడం మానేసినారు. ఎందుకు మానేసినారో నాకు తెలీదు. కరణం దగ్గరికి వచ్చి “ఏమని రాస్తావబ్బా?” అన్నాడు.

“సున్న.”

సాక్షి సంతకం పెట్టమన్నాను. పెట్టినాడు.

మీ కయ్య పక్కనే కదా, గెనిమి మీద కూర్చున్నాను కాసేపు. ముళ్లకంప మొలిచింది. ఏమీ అనిపించలే. కాళ్లు నొప్పి పుట్టినాయి అంతే.

పోయిన నెల వేరే ఊర్లవి ఇట్లనే రెండు సున్నలు పంపించింటే, పై ఆపీసోళ్లు ఎర్ర సిరాతో కొట్టేసి ‘నిలబడిన చేను ఎందుకు తీసుకోలేదు’ అని తిప్పి పంపినారు. మళ్లా సున్నే రాసి పంపినాను. మళ్లా వచ్చింది. మూడోసారి ప్రేమానందం గారు కాగితం నా చేతిలోనుంచి తీసుకున్నాడు. “నీ ఉద్యోగానికి మంచిది కాదప్పా ఇది” అన్నాడు. అంటానే, సున్న కింద తన సంతకం పెట్టినాడు. ఆ తర్వాత అది తిరిగి రాలే.

ఊరి లెక్క ఎన్ని అణాలకి దిగతాదో, లెవీ తగ్గుతాదో లేదో నాకు తెలీదు. అంచనా వేయను.

రైలు వస్తా ఉండాది. బిడ్డకి ముద్దులు.

మునిరత్నం

---

మారికుప్పం,
9 మార్చి 1947

తమ్ముడికి అక్క రాసేది. మేము ఉండాము.

గోవిందు తమ్ముడు గనుల్లో పనికి చేరేదానికి వచ్చినాడు. ఆ అబ్బోడు చెప్పినాడు. ఈ ఏడు ఊరికి నాలుగణాల పంట అని వచ్చిందంట. లెవీ బండి తిరుమలయ్య కళ్లం కాడ ఆగి, కడపటి కయ్యలకి సున్న అని కాగితంలో ఉండాదని వాళ్ల వీధిలోకి రాకుండానే తిరిగిందంట. గోవిందు ఇంట్లో విత్తనాలు విత్తనాలుగానే ఉండాయంట. తిరుమలయ్య నీ మీద గుర్రుగా ఉండాడు, పోయిన ఏడు అందరూ పంచుకున్నది ఈ ఏడు తన మీదనే పడిందని.

నీ జాబు బావకి చదివి వినిపించినాను. గాలి కోస్తావా అనే కాడ నవ్వుతాడనుకున్నాను. నవ్వలే. అంతా విని, గోడకి తిరిగి పడుకొని, “ఒక ఏడు ముందు కొలిచింటే” అన్నాడు. నీ మీద కోపంతో అనలే. ఊరికే అన్నాడు. తెల్లవారి మామూలుగా గనికి పొయ్యినాడు.

మేము ఇంక ఊరికి రాము. ఎద్దులు లేకుండా పొయ్యి చేసేదేముంది. బిడ్డ ఈడనే బడికి పోతాది. కయ్య గోవిందునే సాగు చేసుకోమని చెప్పి పంపించినాను.

ఒకటి అడగాల. గోవిందు తెచ్చిన గంప అంచుకి నీలం గుడ్డ ఉండాదా? నువ్వు రాయలే. రాయకుంటేనే తెలిసింది. అది బరువు గంప. దాని తూకం తీసేయకుండా ఉండింటే, ఆ చేను కూడా ఏదో కొంచిం పండినట్టే అయ్యుండు. తీసేసినానని రాసినావు. మంచిది.

ఆ గంప వాళ్లింట్లోనే ఉండనీ. తెచ్చియ్యొద్దు. వచ్చే ఏడు కూడా నీకు కావాల్సి వస్తాది.

అక్క
తాయమ్మ